కంచె మీది పసుపు కాయలు

ఇంటి ముందు చెట్టు పెడితే అది కాయన్నా కాయాలి, కూరకన్నా రావాలి, లేదంటే దేవుడి పటానికి పువ్వన్నా ఇవ్వాలి. ఈ మూడూ చేయని చెట్టుకు నీళ్ళు పోయడం నాకు చేతకాదు. అందులోనూ మా ఆలూరులో. కొళాయి ఎప్పుడొస్తుందో దాన్ని వదిలేవాడికే తెలియదు. అలాంటి చోట నా కోడలు హర్షిణి వాకిలి పొడవునా ఒక కంచె పెంచింది. ట్రాలీ ఆటోలో మొక్కలు అమ్ముకునేవాడి దగ్గర కొన్నది. లేత ఊదా రంగు పువ్వులు, ఆ తర్వాత గుత్తులు గుత్తులుగా పసుపుపచ్చని కాయలు. మిఠాయి అంగట్లో బూందీ రాశి పోసినట్టు ఉండేవి. పేరేమిటే అంటే తెలియదంది. తినేవేనా అంటే తెలియదంది. మరెందుకే అంటే "సూసేదానికి బాగుంటాది గదత్తా" అంది. నాకు ఒళ్ళు మండింది. నోరు పారేసుకున్నాను కూడా. ఓబులమ్మ నోరు మంచిది కాదని వీధిలో ఎలాగూ పేరుంది, ఇంకో మాట అంటే కొత్తగా పోయేదేమీ లేదు.

నా కొడుకు నాగరాజ్ లారీ డ్రైవరు. ఎక్కడెక్కడో తిరిగి ఎప్పుడో ఇల్లు చేరతాడు. ఇంట్లో ఉండేది నేను, హర్షిణి, నాలుగేళ్ళ మనవరాలు శివాని. శివాని నా కొంగు పట్టుకునే పెరిగింది. నేను చేట చెరిగితే అదీ ఒక అట్టముక్క పట్టుకుని చెరుగుతుంది. నేను నడుం పట్టుకుని "అబ్బబ్బా" అంటే అదీ అంటుంది.

ఆ రోజు విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ అరుగు మీద కూర్చున్నాను. రెండు వానలు పడ్డాయి, ఇంకో వాన పడితే గొర్రు కట్టాలి. పని తెమలకుండా తినబుద్ధి కాదు నాకు. పొద్దున తాగిన టీ నీళ్ళే కడుపులో ఉన్నాయి. ఎండ నెత్తికెక్కిన వేళకు పక్కింటి ఈరక్క గోడ మీదుగా తల పెట్టింది.

"బువ్వ తింటివా అక్కా?"

"తింటి లే," అన్నాను చెయ్యి ఊపుతూ.

తినలేదు. కానీ మాలో ఆడదాన్ని తిన్నావా అని అడిగితే వచ్చే జవాబు అదొక్కటే. తినలేదంటే ఎదుటిమనిషి లేచి పోయి గిన్నె తేవాలి, మనం వద్దనాలి, ఆమె బలవంతం చేయాలి. ఇద్దరికీ పని చెడుతుంది. ఈరక్కను నేనడిగినా అదే చెబుతుంది. కంచె పక్కన నీడలో ఆడుకుంటున్న శివాని కూడా అచ్చం నా గొంతుతో "తింటి లే" అని చెయ్యి ఊపింది. ఈరక్కా నేనూ పడీ పడీ నవ్వుకున్నాం.

శివాని పక్కన ఈరక్క మనవడు భూపేష్ ఉన్నాడు. వాడికి ఇంకా మూడో ఏడు నిండలేదు. కూతురూ అల్లుడూ బళ్ళారిలో మేస్త్రీ పనికి పోతే పిల్లవాణ్ణి ఈరక్కే సాకుతోంది. ఇద్దరూ బువ్వలాట ఆడుతున్నారు. టెంకాయ చిప్పలు, ఎర్రమట్టి, ఆకులు. పిల్లలు మాట్లాడకుండా ఆడుకుంటే నాకు పని సాగుతుంది. అందుకని అటు తల తిప్పలేదు.

కొంతసేపటికి ఈరక్క వచ్చింది. భూపేష్ గోడకు ఆనుకుని అక్కడే నిద్రపోయాడు. "ఈడే పండుకున్యాడు సూడక్కా నా బంగారు," అంటూ వాణ్ణి భుజాన వేసుకుని, ఎప్పటిలాగే కొంగుతో మూతీ ముఖం తుడిచి, ఇంటికి తీసుకుపోయింది. ఎంత బుద్ధిమంతుడో, మారాం చేయకుండా తానే నిద్రపోయాడని నేను మెచ్చుకున్నాను కూడా.

చేటలో గింజలు అయిపోయాక లేచి శివాని దగ్గరకు వెళ్ళాను. వంగి దాని ముఖం చూశాను.

దాని పెదాల మీద, గడ్డం మీద పసుపుపచ్చని గుజ్జు. మూతి మూలన కాయ తొక్క ఒకటి అంటుకుని ఉంది. ముందర చిప్పలు వరసగా ఉన్నాయి. ఒకదానిలో మట్టి బువ్వ, ఒకదానిలో ఆకు కూర. మూడో దానిలో ఆ కంచె కాయలు, చిదిమినవి కొన్ని, గింజలు బయటపడినవి కొన్ని.

"ఏందే ఇవి?"

"లడ్లు."

"తింటివా?"

"తింటి," అంది శివాని.

"ఎన్ని తింటివే?"

"శానా."

వేలు నోట్లో పెట్టి నాలుక కింద, బుగ్గల్లో తడిమాను. ఏమీ లేదు. లేదంటే మింగేసిందనే కదా! "హర్షిణీ!" అని నేను పెట్టిన కేకకు వీధి చివర కుక్కలు మొరిగాయి.

హర్షిణి కుట్టుమిషను దగ్గర నుంచి గుడ్డముక్క చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బిడ్డ మూతి చూసింది, చిప్ప చూసింది, కంచె చూసింది. ఈరక్క భూపేష్‌ను భుజం మీద వేసుకునే మళ్ళీ వచ్చింది. వాడు ఆ కేకలకు కూడా కదల్లేదు.

"కక్కించక్కా, బిరీన కక్కించు!" అంది ఈరక్క. "చింతపండు నీళ్ళల్లో ఉప్పేసి తాపు. అంతా బయిటికి వస్తాది."

నాకూ అదే తోచింది. వంటింట్లోకి ఉరికి గిన్నెడు నీళ్ళు పిసికి తెచ్చాను. శివాని తల వెనక్కి వంచి గిన్నె నోటికి పెట్టబోతుంటే హర్షిణి నా చేతిని తోసేసింది. గిన్నె బండ మీద పడి దొర్లుకుంటూ పోయింది.

"వద్దత్తా! ఏం తినిందో తెలీకుండా కక్కించగూడదంట. గొంతులో పడితే ఇంకా కష్టం. ఆసుపత్రికి పోదాం."

నా ఇంట్లో, నా ముందు, నా చేతిలో గిన్నె కొట్టేస్తుందా! ఇంకొకరోజైతే ఊరు ఏకమయ్యేది. ఆ క్షణాన నాకున్న కోపమంతా భయమే. "నువ్వు తెచ్చిన చెట్టే గదే! దుడ్లు పెట్టి విషం కొని వాకిట్లో పెడితివి!" అని అరిచాను. అది ఎదురు చెప్పలేదు. బిడ్డను చంకనేసుకుని చెప్పులు వెదుక్కుంటోంది.

అప్పుడే నాకో అనుమానం వచ్చింది. "ఈరక్కా, నీ మనవడు గూడా ఈడే ఆడుకుంటాండె గదా. వాడేమన్నా తినెనేమో సూడు."

"వాడా!" అంది ఈరక్క. "వాడు మెతుకు నోట్లో పెట్టాలంటే నా పానం సగం పోతాది. పెరుగన్నం పెడితే ఉమ్మేస్తాడు, అల్టిపండు ఇస్తే ఇసిరేస్తాడు. వాడు కాయలు తింటాడా? సూడు, మూతి ఎంత శుద్ధంగా ఉండాదో."

చూశాను. శుభ్రంగానే ఉంది. భూపేష్ తిండి సంగతి నాకూ తెలుసు. రోజూ ఈరక్క గిన్నె పట్టుకుని వీధంతా వాడి వెనక తిరగడం చూస్తూనే ఉన్నాను. ఇక ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

బయలుదేరే ముందు ఒక్క పని మాత్రం సరిగా చేశాను. కంచెలో ఆకు, పువ్వు, కాయ మూడూ ఉన్న కొమ్మ ఒకటి విరిచి, చిప్పలో మిగిలిన కాయలతో పాటు కొంగున కట్టుకున్నాను. తేలు కుడితే తేలును చంపి పట్టుకుపోతాం, పాము కరిస్తే ఏ పామో చూడమంటారు. చెట్టు మాత్రం తక్కువా?

మలుపులో ఉండే ఉరుకుందప్ప ఆటో తీశాడు. ఆలూరు ఎంత ఊరని, మా ఇంటి నుంచి ఆసుపత్రి ఎంతో దూరం లేదు. అయినా ఆ రోజు రోడ్డు తెగలేదు. గొర్రెల మంద ఒకటి అడ్డం వచ్చింది. ఉరుకుందప్ప హారను కొడుతూనే ఉన్నాడు, అవి వాటి దారిన అవి నడుస్తూనే ఉన్నాయి.

"కడుపులో నొచ్చుతాందా బంగారూ?" అని హర్షిణి అడిగింది.

"ఊ," అంది శివాని.

"తల తిరుగుతాందా?"

"ఊ."

"ఏం లేదు గదా?" అన్నాను నేను.

"ఊ," అంది మళ్ళీ.

ఏది అడిగినా ఊ అనే బిడ్డ దగ్గర ఏం నిజం తేలుతుంది? హర్షిణి మొక్కలవాడికి ఫోన్ చేసింది. నాకూ వినపడాలని స్పీకర్లో పెట్టింది.

"ఆ కంచె మొక్కనా మేడం? దురంతా అంటారు," అన్నాడు వాడు. ఏదో రైలు పేరు చెప్పినట్టు చెప్పాడు. "శానా మంచి మొక్క. నీళ్ళు తక్కువున్యా బతుకుతాది. కంచెకు దాన్ని మించింది లేదు, మేకలు గూడా తినవు."

మేకలు తినవు! మా వైపు మేక తినని ఆకు ఏముంటుంది? జిల్లేడు, ఉమ్మెత్త. మేక నోరు పెట్టలేదంటే అదెలాంటి చెట్టో నాకు ఒకరు చెప్పాలా? బిడ్డను హర్షిణి ఒడిలోంచి లాక్కుని నా గుండెకు అదుముకున్నాను. దాని గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకున్నాను. ఏం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు, ఏదడిగినా ఇచ్చేదాన్ని.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది. ఆమెతో విశ్వాసమ్మ అనే నర్సు ఉంది. నేను కొంగు ముడి విప్పి కొమ్మను బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ ఆకును తిప్పి చూసింది, కాయను గోటితో చీల్చి గింజలు చూసింది. ఫోన్లో బొమ్మలు తెచ్చుకుని పక్కన పెట్టి పోల్చింది. ఆ తర్వాత ఎవరికో ఫోన్ చేసి, కొమ్మ ఫోటో పంపి, ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది.

"దురంతానే," అంది ఫోన్ పెట్టేసి. "కొమ్మ తెచ్చి మంచి పని చేశారు. ఈ కాయలు పిల్లలకు మంచివి కావు. ఎక్కువగా తింటే జ్వరం, నిద్రమత్తు, పెదాలు కళ్ళు వాచడం, ఒక్కోసారి ఫిట్స్. ఇంట్లో వాంతి చేయించలేదు కదా?"

"లేదు మేడం," అంది హర్షిణి.

"మంచిది. చాలామంది అదే తప్పు చేస్తారు."

నేను గోడ మీది పోలియో చుక్కల బొమ్మను చూస్తూ నిలబడ్డాను.

డాక్టరమ్మ శివాని కళ్ళలో లైటు వేసి చూసింది. నాడి చూసింది, కడుపు నొక్కింది, ఒళ్ళు వేడిగా ఉందేమో చూసింది. "ఎన్ని తింది? నమిలిందా, గుటుక్కున మింగిందా? ఎంతసేపయింది? అది తేలితేనే ఏం చేయాలో తెలుస్తుంది. ఎక్కువ తిని ఉంటే ఆదోని పెద్దాసుపత్రికి పంపాలి, ముక్కులోంచి గొట్టం వేయాల్సి రావచ్చు. తినకపోతే బిడ్డకు ఆ బాధ అనవసరం."

"పాపా, ఆ కాయలు తింటివా?" అని విశ్వాసమ్మ అడిగింది.

"తింటి," అంది శివాని.

"ఎన్ని?"

"ఐదు. పది. నూరు."

గొట్టం అనేసరికి హర్షిణి నోట్లో కొంగు కుక్కుకుంది. నాకైతే ఆ డాక్టరమ్మ మీదా కోపం వచ్చింది. చదువుకున్నదానివి, తిన్నదో లేదో కడుపు చూసి చెప్పలేవా? కానీ పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది. శివాని దగ్గరకు మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తూనే ఉంది. ఒక గుర్తూ కనపడటం లేదు. "నిద్ర వస్తోందేమో గమనించండి. మత్తుగా ఉంటే వెంటనే చెప్పండి," అంది.

శివానికి నిద్రా లేదు, మత్తూ లేదు. మంచం మీద నుంచి దిగుతానని గోల. విశ్వాసమ్మ దాన్ని ఊరుకోబెట్టడానికి మందు పోసే చిన్న ప్లాస్టిక్ కప్పులు నాలుగు ఇచ్చింది. అంతే, బిడ్డ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కప్పులు వరసగా పెట్టింది. దుప్పటి మూల కుప్పగా చేసి దాన్ని పొయ్యి అనుకుంది. వంగి ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఊదాక ముంజేతి వెనక వైపుతో మూతి మీదుగా, గడ్డం మీదుగా ఒక్క రుద్దు రుద్దుకుంది.

నేను పొయ్యి ఊదాక అలాగే రుద్దుకుంటాను. చేతికి ఏది అంటి ఉంటే అది మూతికి అంటుకుంటుంది. మసి అయితే మసి, పిండి అయితే పిండి. హర్షిణి ఎన్నిసార్లు చూసి నవ్విందో.

"ఆగండి," అని డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నాను. "దీన్ని ఆడనియ్యండి."

శివాని మొదటి కప్పు డాక్టరమ్మకు ఇచ్చింది. రెండోది విశ్వాసమ్మకు, మూడోది వాళ్ళమ్మకు, నాలుగోది నాకు. "తినండి, తినండి, సిగ్గు పడాకండి," అని అందరి ముఖాల్లోకీ చూసింది. తన ముందు కప్పు లేదు.

"నీకేదే?" అన్నాను.

"అందురూ తినల్ల గదవ్వా ముందు."

"పగలు ఆడ బువ్వలాట ఆడితిరి గదా. అప్పుడు ఎవరు తినిరి?"

"బూపేసు." శివాని కళ్ళు మెరిశాయి. "బూపేసు సేన్లో నించి వచ్చె. ఆకలి అనె. నేను లడ్లు పెడ్తి. మల్లా పెట్టు అనె, మల్లా పెడ్తి. అంతా తినె అవ్వా! వాళ్ళవ్వ పెడితే తినడు, నేను పెడితే తినె."

"నువ్వు?"

"తింటి లే," అని చెయ్యి ఊపింది.

"నిజంగా తింటివా శివానీ?"

బిడ్డ నా వైపు విచిత్రంగా చూసింది. ఇంత పెద్దదానివి, ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "నీ మాదిరే అవ్వా," అంది.

పొద్దుటి నుంచీ మెతుకు తినకుండానే ఈరక్కతో నేనన్నదీ ఆ మాటే. అందరూ తినేదాకా తాను తినకూడదని, తినకపోయినా తిన్నానని చెప్పాలని, ఇదంతా ఆ బిడ్డకు నేను ఒక్క మాటతో నేర్పలేదు. అది చూసి నేర్చుకుంది. మూతికి గుజ్జు అంటిన బిడ్డను చంకనేసుకుని ఇంతమందిమి పరుగెత్తుకొచ్చాం. నిజంగా తిన్నవాడు, మూతి తుడిపించుకుని, ఈరక్క భుజం మీద...

"నిద్ర," అన్నాను. "డాక్టరమ్మా, నిద్రమత్తు అంటిరే. ఆ పిల్లోడు అప్పుడే నిద్రపోయినాడు. నా అరుపులకు గూడా లేయల్యా."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఎక్కడున్నాడు? వెంటనే తీసుకురండి."

హర్షిణి ఈరక్కకు ఫోన్ చేసింది. రింగు అవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. నేను ఇక నిలబడలేదు. "ఉరుకుందప్పా!" అని అరుస్తూ బయటికి ఉరికాను. చెప్పులు మంచం కిందే ఉండిపోయాయి.

"ఏమాయవ్వా, పాపకేమన్నా..."

"పాపకు కాదప్పా. తిప్పు బండి, ఇంటికి తిప్పు!"

దారి పొడవునా హర్షిణి ఫోన్ చేస్తూనే ఉందని నాకు తెలుసు. ఈరక్క ఎత్తడం లేదని కూడా తెలుసు, ఎత్తితే నాకు చెప్పేది. వాడు ఊరికే పగటినిద్ర పోతున్నాడని, నేను వెళ్ళేసరికి లేచి ఏడుస్తుంటాడని అనుకోవడానికి ఎంత ప్రయత్నించానో. మనసు ఒప్పుకోలేదు. పరాయి బిడ్డ. నా వాకిట్లో, నా కంచె కింద, నా మనవరాలి చేతి తిండి.

ఇంటి ముందు దిగేసరికి ఈరక్క మా వాకిట్లోనే ఉంది. కొడవలి పట్టుకుని, చెంగు నడుముకు బిగించి, ఆ కంచెను మొదలంటా నరుకుతోంది. సగం కొట్టేసింది కూడా. ఫోన్ వాళ్ళింట్లో ఎక్కడో మోగుతోంది.

"పాప ఎట్లుండాదక్కా?" అంది చెమట తుడుచుకుంటూ. "ఈ ముదనష్టపు చెట్టు మల్లా మొలవకుండా సేస్తాండా. మన బిడ్డకు ఇట్ల సేస్తాదా ఇది!"

నా మనవరాలి కోసం ఆమె అక్కడ చెట్టు నరుకుతోంది. ఆమె రెక్క పట్టుకుని వాళ్ళింట్లోకి ఈడ్చాను. "బూపేష్ యాడే?"

"ఉయ్యాల్లో పండుకున్యాడు. శానా సేపాయ. ఈ పొద్దన్నా కడుపునిండా నిద్దరపోనీలే అని..."

చీర ఉయ్యాల విప్పి వాణ్ణి ఎత్తాను. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పెదాలు ఉబ్బాయి, కంటి రెప్పలు ఉబ్బాయి. "బూపేషూ, బూపేషూ" అని బుగ్గ తట్టాను. చెయ్యి కిందికి వేలాడింది తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఈరక్క ఒక్క కేక పెట్టింది. ఆ కేక నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆటోలో సగం దూరం పోయామో లేదో వాడి ఒళ్ళు బిగుసుకుంది. చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది.

"తాళాలు! ఇనుము పెట్టాల చేతిలో, తాళాలియ్యప్పా!" అని ఈరక్క ఉరుకుందప్ప బండి తాళానికే చెయ్యి చాపింది.

"ఉండవే!" అని కసిరాను. హర్షిణికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ అందుకుంది. ఆమె ఒక్కొక్క మాట చెబుతుంటే ఒక్కొక్క పని చేశాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నోట్లో ఏమీ పెట్టలేదు. గట్టిగా పట్టుకోలేదు, తల మాత్రం నా చేతిలో ఆనించి ఉంచాను. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. ఆ వెంటనే వాంతి అయింది. నా చీర మీద, చేతుల మీద పసుపు తొక్కలు, నమిలిన గింజలు. పక్కకు తిప్పి ఉండకపోతే అవి ఏ గొంతులోకి పోయేవో. నా చేతిలోంచి గిన్నె కొట్టేసిన హర్షిణి చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది.

ఆసుపత్రి మెట్ల మీదే విశ్వాసమ్మ నిలబడి ఉంది. పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి అందుకుని లోపలికి పరుగు తీసింది. మంచం, మందు, సూది, ఆక్సిజను అన్నీ సిద్ధంగా ఉంచారు. ఏం చెట్టు, ఏం కాయ అని మళ్ళీ వెదుక్కునే పని లేకపోయింది. అవసరమైతే ఆదోనికి తీసుకుపోవడానికి 108 బండి వచ్చి వాకిట్లో ఆగింది. మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

వరండాలో బల్ల మీద ఈరక్క ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. ఎన్నేళ్ళుగానో ఎరిగిన మనిషి. ఆమె నా వైపు చూడటం లేదు. తిడితే బాగుండుననిపించింది. నీ కంచె, నీ మనవరాలు, నీ వాకిలి అని నాలుగు వీధులకూ వినపడేలా తిట్టాలి ఆమె. నేనైతే ఊరుకునేదాన్నా? ఆమె మాత్రం కూతురికి ఫోన్ చేసి, "వాడికి జరం వచ్చిందిమ్మే, ఆసుపత్రిలో ఉండాం, రాండి," అని మాత్రం చెప్పి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. కొడవలి పట్టిన చేతికి బొబ్బలు లేచాయి.

హర్షిణి శివానిని ఎత్తుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "అత్తా, నేను పెట్టిన చెట్టే గదా," అంది మెల్లగా.

"నోరు మూసుకో," అన్నాను. కానీ దాని చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయ్యి ఈ ఇంటికి వచ్చాక నేను దాని చెయ్యి పట్టుకున్నది అదే మొదలు.

లోపలి నుంచి శబ్దం లేదు. డాక్టరమ్మ రెండుసార్లు బయటికి వచ్చింది, "చూస్తున్నాం," అని చెప్పి పోయింది. ఎండ వరండా మెట్లు దిగింది. 108 డ్రైవరు బండి దగ్గరే నిలబడి మా వైపు చూస్తున్నాడు, మేము అతని వైపు చూడకుండా కూర్చున్నాం.

అప్పుడు వినపడింది. ఏడుపు. మొదట సన్నగా, ఆ తర్వాత ఊపిరి పీల్చుకుని గట్టిగా. అన్నం గిన్నె చూస్తే భూపేష్ ఏడ్చే ఏడుపే అది. ఈరక్క లేచి నిలబడింది, నిలబడలేక గోడ పట్టుకుంది. విశ్వాసమ్మ తలుపు తీసి, "లేచినాడమ్మా. అవ్వా అంటాండాడు, రాండి," అంది. డాక్టరమ్మ వెనకే వచ్చి, జ్వరం దిగుతోందని, పిల్లవాడు మనుషుల్ని గుర్తుపడుతున్నాడని, ఈ రాత్రికి ఇక్కడే ఉంచి చూస్తామని, ఆదోనికి పంపే పని లేదని చెప్పింది. నేను ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాను. ఆమె సిగ్గుపడి చేతులు లాక్కుంది.

ఈరక్క లోపలికి పోయి చాలాసేపు ఉంది. బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉంది, కళ్ళు మాత్రం ఎర్రగా వాచి ఉన్నాయి. వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆ చివర కాదు, నా పక్కనే. నా చీర మీద ఎండిపోయిన వాంతి మరకను చూసింది. చెప్పుల్లేని నా కాళ్ళను చూసింది. కొంగు చివర తడిపి నా మోచేతి మీద అంటిన తొక్క ఒకటి తుడిచింది. ఆమె ఏం అంటుందోనని చూశాను.

"ఏమన్నా తింటివా అక్కా?" అంది.

నా చెయ్యి దానంతటదే లేచింది. నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. అరవై ఏళ్ళ అలవాటు. హర్షిణి ఒడిలోంచి శివాని తల తిప్పి నా నోటి వైపే చూస్తోంది.

చెయ్యి దించేశాను.

"తినల్యా ఈరక్కా," అన్నాను. "పొద్దున్నించి ఏమీ తినల్యా. శానా ఆకలైతాంది."

ఎందుకో ఏడుపు ఆగలేదు నాకు. ఈరక్క నా భుజం మీద చెయ్యి వేసింది. శివాని ఒడిలోంచి జారి వచ్చి నా మోకాళ్ళు పట్టుకుంది.

"అవ్వా," అంది రహస్యంగా, "నేను గూడా తినల్యా."